అమరజీవి పొట్టి శ్రీరాములుగారు: నిత్యజీవితమున ధైర్యసాధన



ధైర్యమనగా యుద్ధభూమియందు ఖడ్గము చేపట్టిన వీరునికే చెల్లు గుణమని లోకులు సామాన్యముగా తలంతురు. మనము తరతరములుగా తక్కెడయు చిట్టాయు చేతబట్టి బ్రతికిన వర్తకజాతివారము. తెల్లవాఱకముందే అంగడి తలుపు తెఱచి, రాత్రి దీపము వెలుగున ఆవర్జా సరిచూచుకొని నిద్రించు మనబోటివారికి ధైర్యముతో పనియేమని కొందఱు పరిహసింతురు. అట్టి పరిహాసమునకు మన జాతియందే పుట్టిన యొక మహనీయుని జీవితము సంపూర్ణమైన సమాధానము. ఆయన ఆయుధము పట్టలేదు. గొప్ప వక్తయని పేరు పొందలేదు. ధనము కూడబెట్టలేదు. దినదినమును చిన్నచిన్న పనులందు తన్ను తాను పరీక్షించుకొనుచు, తుదకు 58 దినముల నిరాహారవ్రతముతో ఒక రాష్ట్రమునకు పునాది వేసి పోయెను. ఆయనయే అమరజీవి పొట్టి శ్రీరాములుగారు. ఈ వార్షిక మహాసభా సందర్భమున ఆ పుణ్యపురుషుని చరిత్రమును మన ప్రాంతమువారు మఱియొకసారి స్మరించుట యుక్తమని యెంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మార్కాపురము, గిద్దలూరు, కంభము, కనిగిరి సీమలు ఎట్టివో మీకు నేను చెప్పనక్కఱలేదు. పడమట నల్లమల కొండలు గోడవలె నిలిచియుండును. గుండ్లకమ్మ ఆ కొండలలో పుట్టి, కంభము చెఱువును నింపి, తూర్పునకు సాగిపోవును. విజయనగర ప్రభువుల కాలమున రెండు కొండలనడుమ కట్టబడిన ఆ చెఱువుకట్ట నేటికిని నిలిచియున్నది. అయినను ఈ సీమలో వాన నమ్మదగినది కాదు. చాలగ్రామములలో నేలలోని నీటియందు ఫ్లోరైడు మిక్కుటమై, త్రాగినవారి యెముకలను పీడించుచున్నది. మార్కాపురము పరిసరములందు భూమిని త్రవ్వి, పలకఱాతిని పొరలుగా చీల్చి, బడిపిల్లల పలకలు చేసి దేశమంతటికి పంపినవారు మనవారు. కఱవు వచ్చినప్పుడు మూటముల్లె గట్టుకొని పట్టణములకు వలసపోవుటయు, మరల వాన పడినదని విని తిరిగివచ్చుటయు ఈ సీమవారికి కొత్త కాదు. ఓర్పు ఇచ్చట పుస్తకములలో చదివి నేర్చుకొను విద్య కాదు. బావిచేదతో పాటు చేతికి వచ్చు విద్య.

శ్రీరాములుగారి పూర్వుల నివాసము ఈ సీమయందే, కనిగిరి ప్రాంతమునందలి పడమటిపల్లె. ఆ కాలమున కనిగిరి నెల్లూరు జిల్లాలోనిది. ఆయన మాత్రము 1901 మార్చి 16వ తేదీన మద్రాసు జార్జిటౌనునందలి అణ్ణాపిళ్ళె వీధిలో జన్మించెను. తండ్రి గురవయ్యగారు, తల్లి మహాలక్ష్మమ్మగారు. చెన్నపట్టణమున విద్యాభ్యాసము చేసి, పిమ్మట బొంబాయి చేరి, విక్టోరియా జూబిలీ సాంకేతిక విద్యాలయమున పారిశుద్ధ్య సంబంధమైన ఇంజనీరింగు విద్య నభ్యసించెను. తరువాత గ్రేట్ ఇండియన్ పెనిన్సులార్ రైల్వేలో ఉద్యోగమున ప్రవేశించెను. నెలకు 250 రూపాయల జీతమని చెప్పుదురు. ఆ దినములలో అది చిన్న మొత్తము కాదు. వివాహమైనది, సంసారమేర్పడినది. ఇఁక జీవితము సుఖముగా సాగిపోవునని బంధువులు తలంచిరి. మన కుటుంబములలో ఒక బాలుడు చదివి, ఉద్యోగస్థుడై, ఇల్లు నిలిపినప్పుడు తల్లిదండ్రులు పొందు తృప్తి యెట్టిదో ఎఱుగని వారెవరు?

ఇంతలో దైవము వేఱొకటి తలంచెను. పుట్టిన బిడ్డ మరణించెను. కొలది కాలమునకే భార్యయు గతించెను. అప్పటికి శ్రీరాములుగారు ముప్పది యేండ్లు నిండని యువకుడు. ఇట్టి దుఃఖము లోకములో ఎందఱికో కలుగుచునే యున్నది. కొందఱు మరల వివాహమాడి గృహస్థులగుదురు. కొందఱు వ్యసనములలో మునిగి మఱచిపోజూతురు. కొందఱు జీవచ్ఛవములై దినములు గడుపుదురు. శ్రీరాములుగారు ఈ మూడు మార్గములను విడిచి నాల్గవదానిని పట్టిరి. ఉద్యోగమునకు రాజీనామా యిచ్చి, తనకు గల ఆస్తిని తల్లికిని సోదరులకును పంచిపెట్టి, గాంధీమహాత్ముని సబర్మతి ఆశ్రమమునకు పోయిరి. ఒక్క విషయము గమనింపదగినది. ఆయన దుఃఖమును తప్పించుకొని అడవికి పోలేదు. పనిచేయుచోటికి పోయెను. తనవారిని పోగొట్టుకొనిన ప్రేమను పరుల సేవయందు వినియోగించుటకు నిశ్చయించెను. ఆయన ధైర్యమునకు మొదటి పాఠశాల ఆ శూన్యమైన గృహమే.

ఆశ్రమజీవనమనగా పూలతోటలో ధ్యానమని భ్రమపడరాదు. తెల్లవాఱుజామున లేచుట, ప్రార్థన, రాట్నము వడకుట, వంటశాలలో పని, మరుగుదొడ్లు శుభ్రపఱచుట, మితాహారము, కాలనియమము, ప్రతి కాసునకును లెక్క చెప్పుట. ఇవియే అచ్చటి తపస్సు. పారిశుద్ధ్యవిద్యలో పట్టా పొంది, ఆ విద్యతో ఉన్నతోద్యోగములకు ఎక్కదగినవాడు, తన చేతులతో చీపురు పట్టుట సులభమా? అందఱు చూచుచుండగా ఒకనాడు పట్టుట సులభము కావచ్చును. ఎవరును చూడనప్పుడు, ఎవరును మెచ్చనప్పుడు, నెలలతరబడి పట్టుట కష్టము. నూలు తెగినప్పుడు విసుగుకొనక మరల అతుకుట, మరల తిప్పుట. ఈ చిన్న పనియందు మనస్సునకు కలుగు శిక్షణ పెద్ద గ్రంథములు చదివినను కలుగదు. మన అంగళ్లలో పనినేర్చు బాలుడు ముందుగా నేల ఊడ్చి, తూనికరాళ్లు తుడిచి, పిదపనే గల్లాపెట్టె చెంతకు వచ్చును గదా! ఆశ్రమశిక్షణయు అట్టిదే.

1930వ సంవత్సరమున ఉప్పు సత్యాగ్రహము దేశమునంతటిని కదలించెను. శ్రీరాములుగారు అందు పాల్గొని కారాగృహవాసము చేసిరి. పిమ్మట గుజరాతులోని రాజకోటయందును, కృష్ణాజిల్లా కొమరవోలునందు యెర్నేని సుబ్రహ్మణ్యముగారు నడపిన గాంధీ ఆశ్రమమునందును సేవ సల్పిరి. 1941, 1942 సంవత్సరములలో వ్యక్తిసత్యాగ్రహము, క్విట్ ఇండియా ఉద్యమము నడచినప్పుడు మరల చెఱసాలకు పోయిరి. ఇన్నిసార్లు జైలుకు పోయినను ఆయన పేరు పత్రికలలో పెద్ద అక్షరములతో ముద్రింపబడలేదు. నాయకులు ఉపన్యసించు వేదికలపై ఆయనకు ఆసనము లేదు. ఉద్యమమనెడు మహావృక్షమునకు నేలలో కనబడని వేళ్లుండును. పూలను జూచి ముచ్చటపడు జనులు వేళ్లను తలంపరు. అట్టి వేళ్లలో ఒక వేరుగా శ్రీరాములుగారు పదునైదేండ్లు గడపిరి. కీర్తి లేనిచోట పని చేయగలుగుట పట్టుదలకు సిసలైన పరీక్ష.

1943, 1944 ప్రాంతమున ఆయన నెల్లూరు జిల్లాలో రాట్నప్రచారమునకు పూనుకొనిరి. కులమతభేదము పాటింపక ఏ యింటివారు అన్నము పెట్టినను స్వీకరించుచుండిరి. నేడు ఈ మాట చదువువారికి ఇందులో విశేషమేమున్నదని తోచవచ్చును. ఆ కాలమును స్మరింపుడు. పంక్తిభోజనములలో ఎవరు ఎచ్చట కూర్చుండవలెనో, ఎవరి చేతి నీరు ఎవరు త్రాగవలెనో ప్రతిదానికిని కట్టుబాటు. ఆచారవంతమైన వైశ్యకుటుంబమున పుట్టినవాడు, అప్పుడు హరిజనులని పిలువబడిన దళితుల యింట కూర్చుండి భుజించుట అనగా, తన బంధువుల దృష్టిలో తాను తేలికయగుటకు సిద్ధపడుట. పరాయివాని నిందను భరించుట ఒకయెత్తు, తనవారి ముఖము చాటువేయుటను భరించుట వేయి యెత్తులు.

ఆయన నెల్లూరు వీధులలో సంచరించు విధానము విచిత్రముగా నుండెడిది. అస్పృశ్యతను మానవలెనని, దళితులను ఆదరింపవలెనని అట్టలపై వ్రాసి, ఆ యట్టలను మెడలో వ్రేలాడదీసికొని, కాళ్లకు చెప్పులు లేక, తలపై గొడుగు లేక మండుటెండలో తిరుగుచుండిరి. నెల్లూరి వేసవి యెట్టిదో మీకు తెలియును. చూచినవారిలో పలువురు ఆయనను పిచ్చివాడనిరి. ఆయన వారితో కలహింపలేదు, సంచారమును మానలేదు. మఱునాడు మరల అదే యట్ట, అదే వీధి. కారాగారమునకు పోవు ధైర్యము కలవారు ఆ తరమున వేలకొలది యుండిరి. కారాగారమున తోడివారుందురు, బయట జయధ్వానములుండును. ఒంటరిగా నడివీధిలో నవ్వులపాలగుటకు సిద్ధమైనవారు ఎందఱు? మనలో ఎందఱమో సత్యమని నమ్మిన మాటను, నలుగురు నవ్వుదురేమోయను భయముచేతనే మ్రింగివేయుచున్నాము. అంగట నిలిచి బేరమాడుటకు జంకని మనము, అన్యాయమును అన్యాయమనుటకు జంకుదుము. ఆ జంకును జయించుటకు శ్రీరాములుగారు ఒక అట్టముక్కను, రెండు కాళ్లను సాధనములుగా జేసికొనిరి.

1946వ సంవత్సరమున ఆయన నెల్లూరు మూలాపేటయందలి వేణుగోపాలస్వామి ఆలయమున దళితులకు ప్రవేశము లభింపవలెనని నిరాహారదీక్ష పూనిరి. దేవుని కన్నులయెదుట అందఱును సమానులని పురాణకాలక్షేపములలో వినుచు తలలూపు జనులు, ఆ మాటను గుడివాకిటనే నిజము చేయుమనగా కోపింతురు. శ్రీరాములుగారు ఎవరిని దూషింపలేదు. ఎవరి తలుపును బలిమితో త్రోయలేదు. తన శరీరమును మాత్రమే శుష్కింపజేసికొని, సవర్ణుల మనస్సాక్షిని మేల్కొలిపిరి. తుదకు ఆలయద్వారము తెఱవబడినది. 1947లో మద్రాసు శాసనసభయు ఆలయప్రవేశ శాసనమును చేసినది. అటుపిమ్మట దళితుల అభ్యున్నతికై ప్రభుత్వము తగిన ఉత్తరువులు చేయవలెనని ఆయన మరల ఉపవసించిరి. దాని ఫలితముగా జిల్లా కలెక్టర్లు వారమునకు ఒక్కదినమైనను ఆ కార్యమునకు వినియోగింపవలెనని ఆదేశములు వెలువడెను. 1946 మొదలు 1948 వఱకు ఆయన చేసిన ఉపవాసములన్నియు ఇట్టి పరార్థములే. ఒక్కటియు స్వార్థమునకు గాని, స్వకులమునకు గాని చేసినది కాదు.

ఈ సంగతి మనము గట్టిగా మనస్సున నుంచుకొనవలెను. ఎందువలననగా లోకము ఆయనను 1952వ సంవత్సరపు మహావ్రతముచేతనే యెఱుగును. ఆ వ్రతము ఆకస్మికమైన ఆవేశముచేత కలిగినదని తలంచుట పొరపాటు. అది ఇరువది యేండ్ల నిత్యసాధనకు ఫలము. ఆకలిని ఆయన క్రొత్తగా ఎదుర్కొనలేదు. దానితో పూర్వపరిచయము కలదు. నిందకు, ఒంటరితనమునకు, పెద్దల ఉపేక్షకు ఆయన అలవాటుపడియుండెను. పైసపైస కూర్చి మూలధనము చేసికొనినవాడు పెద్దబేరము వచ్చినప్పుడు వెనుదీయడు. ఆయన ధైర్యమును అట్లే కూర్చుకొనెను.

ఇఁక ఆంధ్రరాష్ట్ర విషయము. తెలుగువారికి ప్రత్యేకరాష్ట్రము కావలెనను కోరిక 1913లో బాపట్లయందు జరిగిన ప్రథమ ఆంధ్రమహాసభనాటినుండి బలపడుచు వచ్చెను. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగు ఒడంబడికను చేసికొనిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప భాషారాష్ట్రముల ప్రశ్నను పరిశీలించిన ధారు సంఘము 1948లో అనుకూలముగా పలుకలేదు. 1949లో జవహర్లాలు, వల్లభాయి, పట్టాభిగార్ల సంఘము ఆంధ్రరాష్ట్రమునకు త్రోవ విడిచినను, మద్రాసు నగరముపై ఆంధ్రులు తమ హక్కును వదలుకొనవలెనని చెప్పెను. ఆ చిక్కుముడి విడలేదు. 1951లో స్వామి సీతారాముగారు ఆగస్టు 15వ తేదీన నిరశనవ్రతము ప్రారంభించి, 35 దినములు గడపి, వినోబాజీ మొదలగువారి ప్రార్థనపై విరమించిరి. వాగ్దానములు వినబడినవి. కార్యము మాత్రము ముందుకు సాగలేదు. ప్రజలు నిరుత్సాహులైరి. 1952 ఎన్నికలలో ఆంధ్రప్రాంతమున కాంగ్రెసునకు పెద్దదెబ్బ తగిలెను.

అట్టి సమయమున 1952 అక్టోబరు 19వ తేదీన శ్రీరాములుగారు మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి గృహమున ఆంధ్రరాష్ట్రము కొఱకు ఆమరణ నిరాహారదీక్షను ఆరంభించిరి. సాంబమూర్తిగారు పూర్వము మద్రాసు శాసనసభకు అధ్యక్షులై, సర్వమును దేశమునకు అర్పించిన త్యాగమూర్తి. ఆ వృద్ధుడు తన యింటిని ఈ యజ్ఞమునకు శాలగా నొసగెను. మొదటి దినములలో ఈ దీక్షను గొప్పవారెవరును గణింపలేదు. పదవి లేని, ధనబలము లేని, పార్టీబలము లేని ఒక మనుష్యుడు అన్నము మానినంత మాత్రమున రాష్ట్రములు పుట్టునా యని తలంచినవారే పెక్కురు. స్వామి సీతారాముగారి దీక్షవలె ఇదియు మధ్యనే ముగియునని కొందఱు ఊహించిరి. ఢిల్లీయందలి ప్రభుత్వమును దీనిని ముఖ్యమైనదిగా తలంపలేదు.

దినములు వారములైనవి, వారములు నెల దాటినవి. నిరాహారికి మొదట దేహమునందలి క్రొవ్వు కరగును, పిమ్మట కండ కరగును, తుదకు అవయవములు ఒకదానివెనుక ఒకటి సడలును. ప్రతిదినమును ఒక క్రొత్త బాధ. ప్రతి ఉదయమును దీక్షను విడుచుటకు ఒక క్రొత్త అవకాశము. పండ్లరసము ఒక్కగ్రుక్కెడు త్రాగినచో ప్రాణము నిలుచును, ఎవరును తప్పుపట్టరు. ఇదియే ఈ వ్రతములోని అసలైన కాఠిన్యము. యుద్ధమున వీరుడు ఒక్కక్షణమున ప్రాణము నిచ్చును. శ్రీరాములుగారు 58 దినములు, దినదినము, గడియగడియ, తన ప్రాణమును మరల మరల ఇచ్చిరి. అక్టోబరునాటి నిర్ణయమును నవంబరునందు మరల నిర్ణయించుకొనవలెను, డిసెంబరునందు మరల నిర్ణయించుకొనవలెను. కడపటి దినములలో దేహము స్వాధీనము తప్పి, స్పృహయు సన్నగిల్లెను. 1952 డిసెంబరు 15వ తేదీ రాత్రి ఆ దీపము ఆరిపోయెను. ఆయన వయస్సు అప్పటికి 51 సంవత్సరములు.

ఆ వార్త వెలువడినంతనే ఆంధ్రదేశము కల్లోలితసముద్రమయ్యెను. దీక్షాకాలమున ఊరకుండిన జనులు మరణానంతరము వీధులలో నిండిరి. రైళ్లు నిలిచిపోయెను, ప్రభుత్వపు ఆస్తులు దగ్ధమయ్యెను. పలుచోట్ల పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించిరి. చీమకైనను హానిచేయని వ్రతమున ప్రాణము విడిచినవాని పేరిట హింస చెలరేగుట విషాదకరము. ఆయన బ్రదికియున్నచో దానిని నివారించుటకై మరల ఉపవసించియుండునేమో! డిసెంబరు 19వ తేదీన ప్రధానమంత్రి జవహర్లాలు నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రమును ఏర్పఱుతుమని పార్లమెంటున ప్రకటించిరి. వాంఛూ న్యాయమూర్తిగారు విషయములను విచారించి నివేదిక సమర్పించిరి. 1953 అక్టోబరు 1వ తేదీన 11 జిల్లాలతో ఆంధ్రరాష్ట్రము అవతరించెను. మొదటి ముఖ్యమంత్రి మన టంగుటూరి ప్రకాశము పంతులుగారు. భాషనుబట్టి రాష్ట్రములను పునర్నిర్మించు కార్యమునకు ఇది దేశమంతటను దారి తీసెను. 1953 కడపట పునర్విభజన సంఘము నియమింపబడెను, 1956లో భారతదేశపు పటమే మాఱిపోయెను.

మార్కాపురము, గిద్దలూరు వారికి ఈ చరిత్రతో మఱియొక సంబంధము కలదు. ఆ కాలమున మన తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. క్రొత్తరాష్ట్రమునకు కర్నూలు రాజధాని యయ్యెను. నందికనుమ దాటి నంద్యాలమీదుగా జిల్లాకేంద్రమునకు పోవు మన పెద్దలు, 1953 మొదలు 1956 వఱకు అదే త్రోవన రాజధానికి పోయినవారు. 1970 ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగములను చేర్చి ఒంగోలు కేంద్రముగా క్రొత్తజిల్లాను ఏర్పఱచినప్పుడు మన తాలూకాలును, శ్రీరాములుగారి పూర్వుల కనిగిరి తాలూకాయు ఒక్కగూటికి చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడినది. 2008లో నెల్లూరు జిల్లాకు శ్రీరాములుగారి పేరు చేర్పబడినది. రాష్ట్రమునకై ప్రాణమిచ్చినవాడును, ఆ రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైనవాడును పొరుగుజిల్లాల పేర్లలో పక్కపక్కన నిలుచుట ఎంత సముచితము!

అయినను ఒక సత్యమును మఱుగుపఱుపరాదు. శ్రీరాములుగారు కోరినదంతయు లభింపలేదు. మద్రాసు నగరము ఆంధ్రులకు దక్కలేదు. బళ్లారి తాలూకా మైసూరున చేరినది. 1956లో తెలంగాణముతో కలిసి యేర్పడిన ఆంధ్రప్రదేశము 2014లో మరల రెండయ్యెను. పట్టుదలతో పనిచేసిన ప్రతివానికిని పూర్తిఫలము చేతికి వచ్చునని చెప్పుట బాలురను మభ్యపెట్టుట యగును. ఈ సీమ రైతు ఎఱుగును: విత్తినదంతయు మొలవదు, మొలచినదంతయు పండదు. అయినను తొలకరి చినుకు పడగానే నాగలి కట్టును. శ్రీరాములుగారు తన ప్రయత్నఫలమును కన్నులార చూడలేదు. చూడకయే చేయవలసినది చేసిరి. ఫలము దొరకునని తెలిసి శ్రమించుట వ్యాపారము. తెలియకున్నను ధర్మమని శ్రమించుట పట్టుదల.

ఇఁక మన కర్తవ్యమును గూర్చి ఒకటి రెండు మాటలు విన్నవింతును. మన సభలలో శ్రీరాములుగారి చిత్రపటమునకు పూలమాల వేయుదుము. కూడలులలో విగ్రహములు నిలుపుదుము. ఆయన మనవాడని గర్వింతుము. ఆ గర్వము తప్పుకాదు. కాని ఆయన తన్ను తాను ఒక కులమునకు పరిమితునిగా తలంచెనా? ఆయన తన అన్నమును అందఱియిండ్ల తినెను, తన ఉపవాసమును దళితులకొఱకు, తన ప్రాణమును తెలుగువారందఱికొఱకు ఇచ్చెను. అట్టివానిని మనవాడని చెప్పుకొనునప్పుడు మనకు కీర్తితోపాటు ఋణమును సంక్రమించును. అప్పుపత్రముమీద సంతకము చేసినవాని వారసుడు ఆస్తిని మాత్రము తీసికొని అప్పును కాదనుట మన వర్తకధర్మమున చెల్లదు గదా! మన ధర్మసత్రములలో, మన విద్యార్థి వసతిగృహములలో, మన కల్యాణమండపములలో ఎవరికి ఆదరము కలదో, ఎవరు వాకిటనే నిలిచిపోవుచున్నారో విచారించుకొన్ననాడు ఆ ఋణములో ఎంత తీర్చితిమో తెలియును.

పోషకులైన ధనవంతులకు నా మనవి యిది. దానము గొప్పదే, కాని శ్రీరాములుగారు దానముతో నిలువక దేహశ్రమను జోడించిరి. సంవత్సరమున కొన్నిదినములైనను మీరు ఇచ్చు ధనము వెంట మీరును పొండు. నీరు లేని గ్రామమునకు పోయి చూడుడు, చదువు మానిన బాలుని యింటికి పోయి పలుకరింపుడు. యువకులకు నా మనవి యిది. గొప్ప అవకాశము వచ్చినప్పుడు ధైర్యము చూపెదమని వేచియుండకుడు. నేడు తూనికలో న్యాయము తప్పకుండుట, నేడు చేసిన తప్పునకు నేడే క్షమాపణ చెప్పుట, పరీక్షలో ఓడినను మఱునాడు పుస్తకము తెఱచుట, నలుగురు ఒకనిని చులకన చేయునప్పుడు వాని పక్షమున ఒక్కమాట పలుకుట, ఇవియే అభ్యాసములు. ఇవి చేయనివానికి పెద్దసమయమున ధైర్యము ఎచ్చటనుండి వచ్చును?

సోదరీమణులకు చెప్పవలసినదేమియు లేదు. వారివద్ద నేర్చుకొనవలసినదే కలదు. కఱవుసంవత్సరములలో ఇంటి గాదె అడుగంటినప్పుడు, ఎవరికిని తెలియనీయక తాను పస్తుండి పిల్లలకు పెట్టిన తల్లులు ఈ సీమలో ఎందఱో! వారికి శిలావిగ్రహములు లేవు. భార్యాపుత్రులను పోగొట్టుకొని, ఆస్తిని వదలి, దేశసేవకు వెడలిన కుమారుని చూచి గుండె రాయిచేసికొనిన మహాలక్ష్మమ్మగారియొక్క ధైర్యమును ఎవరు కొలువగలరు? కొడుకు కీర్తిని లోకము పాడును. తల్లి ఓర్పు ఆ కీర్తికి పునాదిఱాయియై నేలలోనే యుండును. ఆమెను తలంపక ఆయనను తలంచుట అసంపూర్ణము.

ఒక్కదినముననే ఎవడును మహాత్ముడు కాడు. ఒక్కదినముననే ఎవడును పిఱికివాడును కాడు. రెండును దినదినము పోగగునవియే. రాత్రి అంగడి మూసి చిట్టా వ్రాయునప్పుడు, సొమ్ములెక్కతోపాటు మఱియొక లెక్కయు సరిచూచుకొందము: నేడు ఎచ్చట జంకితిని, ఎచ్చట నిలిచితిని, ఎవరికై నిలిచితిని? ఈ లెక్కయందు నిల్వ పెరుగుచుండిన, జాతి బ్రతుకును, దేశము బ్రతుకును. పడమటిపల్లె మూలముగా గలిగి, మద్రాసున పుట్టి, నెల్లూరు వీధుల యెండలో నడచి, మైలాపూరున దేహము చాలించిన ఆ అమరజీవి మన సీమయందలి ప్రతిగృహమునకును ఈ సాధనమార్గమును చూపుగాక! శ్రీ వాసవీ కన్యకాపరమేశ్వరి మన మహాసభను, పోషకులను, సభ్యులను చల్లగా కాపాడి, ఆయన నడచిన త్రోవన రెండడుగులైనను నడచు బలము నొసగుగాక!